మొక్కు ఒకరిది, మోత ఇంకొకరిది

నేనో కొత్త మతం పెడదామనుకుంటున్నానండీ. నవ్వకండి. ఎవరెవరో పెట్టారు, నేను పెడితే తప్పేమిటి? పాతికమందికి వండి, వడ్డించి, మిగిలింది సర్ది, గిన్నెలన్నీ యథాస్థానంలో పెట్టగలిగిన మనిషిని, ఒక మతం నడపలేనా?

ఈ ఆలోచన ఊరికే రాలేదు. ఈ మధ్య ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా, భోజనాలయ్యాక మగవాళ్ళు కుర్చీలు గుండ్రంగా వేసుకుని ఒకటే చర్చ. ఉన్న మతాలన్నీ పాతబడిపోయాయి, కాలానికి తగ్గట్టు కొత్తది రావాలి అంటారొకాయన. దానికి దేవుడుండాలా అక్కర్లేదా అంటారు ఇంకొకాయన. ఆత్మ, పునర్జన్మ, గ్రంథం ఏ భాషలో ఉండాలి, అన్నీ అరగంటలో తేల్చేస్తారు. ఒక్కటి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ మతంలో పండగనాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి పప్పు రుబ్బేది ఎవరు?

నా వరకూ అదే అసలు ప్రశ్న. ఏ మతం ఎలాంటిదో తెలుసుకోవాలంటే పండగపూట ఆ మతంవాళ్ళ వంటింట్లో ఓ గంట నిలబడి చూస్తే చాలు. మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు.

కొత్త మతం ఎలా ఉంటుందో ఊహించడం పెద్ద కష్టమేం కాదు. ఒక స్థాపకుడుంటాడు, బహుశా ఆయనకి గడ్డం ఉంటుంది. ఒక రంగు బట్ట ఉంటుంది. ఒక కథ ఉంటుంది. వారంలో ఒక రోజు, కొన్ని తినకూడని పదార్థాలు, ఒక ఉపవాసం, దాని తర్వాత ఒక విందు. మగవాళ్ళ ఊహ ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. మనకి ఆ తర్వాతది కూడా కనిపిస్తుంది. ఆ రంగు బట్ట మిగతా వాటికి అంటకుండా విడిగా ఉతకాలి. తినకూడని పెద్దలకీ, అవే కావాలని ఏడ్చే పిల్లలకీ వేరువేరుగా వండాలి. ఉపవాసం అంటే వంట ఉండదనుకుంటారు పాపం. ఉన్నవాళ్ళకి ఫలహారం, ఉండనివాళ్ళకి భోజనం, అంటే రెండు వంటలు.

ఊహ దాకా ఎందుకు, నిజంగానే కూర్చుని మతాలు తయారుచేసిన వాళ్ళున్నారు. అక్బరు 1575లో ఫతేపూర్ సిక్రీలో ఇబాదత్ ఖానా అని కట్టించి, రకరకాల మతాల పండితుల్ని పిలిపించి వాదనలు విన్నాడు. 1582లో దీన్-ఇ-ఇలాహీ అని తనదంటూ ఒక మార్గం పెట్టాడు. ఉద్దేశం మంచిదే. కానీ చేరింది దర్బారులో కొద్దిమంది. హిందువుల్లో పేరున్నవాడు బీర్బల్ ఒక్కడే. రాజా మాన్‌సింగ్ అయితే నాకొద్దనేశాడు. అక్బరు పోయాక ఆ మతమూ నిలవలేదు.

ఫ్రాన్సులో విప్లవం వచ్చినప్పుడు రోబెస్పియర్ అనే ఆయన పాత మతం స్థానంలో 'పరమాత్ముడి ఆరాధన' అని కొత్తది తెచ్చాడు. 1794 జూన్ 8న పారిస్‌లో బ్రహ్మాండంగా ఉత్సవం చేశారు. డేవిడ్ అనే పేరున్న చిత్రకారుడు దానికంతటికీ రూపకల్పన చేశాడు. కృత్రిమంగా ఒక కొండే కట్టారట. తల్లులు గులాబీ గుత్తులు పట్టుకుని నడవాలి, ఆడపిల్లలు పూలబుట్టలు మొయ్యాలి. చూశారా, మతం మారినా పూలబుట్ట మన చేతిలోంచి మారలేదు. సరిగ్గా యాభై రోజులకి, జూలై 28న, ఆ రోబెస్పియర్ తలే తీసేశారు. సినిమా భాషలో చెప్పాలంటే యాభై రోజుల పండగ కూడా అవలేదు పాపం.

నాకు వీళ్ళందరికన్నా అగస్త్ కోమ్త్ కథ నచ్చుతుంది, కోపమూ తెప్పిస్తుంది. ఈయనా ఫ్రెంచాయనే, పెద్ద తత్త్వవేత్త. సమాజాన్ని శాస్త్రంలాగా చదవాలని చెప్పి, సోషియాలజీ అన్న మాటని ప్రచారంలోకి తెచ్చిన మనిషి. క్లోటిల్డ్ డి వో అనే ఆవిడని ప్రేమించాడు. ఆవిడ 1846లో చనిపోయింది. ఆ తర్వాత ఈయన మానవత్వమే దేవతగా 'మానవతా మతం' అని ఒకటి స్థాపించాడు. బ్రెజిల్ జెండా మీద ఉన్న 'క్రమం, ప్రగతి' అన్న మాటలు ఈయన సూత్రంలోంచి వచ్చినవే. ఈ మతంలో తల్లినీ, భార్యనీ, కూతురినీ రక్షక దేవతలుగా తలుచుకుని మగవాడు ప్రార్థన చెయ్యాలి. ఎంత బాగుందో కదా! మరి పూజారులు ఎవరయ్యా అంటే మగవాళ్ళు. దేవత ఎక్కడుండాలయ్యా అంటే ఇంట్లో. మగవాడు పోషిస్తాడు, ఆడది ఇల్లు చూసుకుంటుంది.

అసలు సంగతి ఆయన క్యాలెండర్లో ఉంది. ఏడాదికి పదమూడు నెలలు, నెలకి ఇరవై ఎనిమిది రోజులు. అప్పటికి 364 అయ్యాయి. మిగిలిన ఒక్క రోజు చనిపోయిన వాళ్ళందరి స్మరణకి. మరి లీపు సంవత్సరంలో ఇంకో రోజు మిగులుతుంది కదా, అది పవిత్ర స్త్రీల పండగ. నాలుగేళ్ళకి ఒక్కరోజు! అదీ లెక్క సరిపోక మిగిలిన రోజు. రోజూ మూడుపూటలా దేవతలం, పండగ మాత్రం నాలుగేళ్ళకోసారి. అంత చదువుకున్నాయన, పక్కా లెక్కల మనిషి, ఎవరికీ భయపడక్కర్లేకుండా కొత్త మతం రాసుకుంటూ కూడా పాత ఇంటినే రాసుకున్నాడు.

ఇక మన కాలంలో ఒకటుంది. 2005లో అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలో, బళ్ళో పరిణామ సిద్ధాంతంతో పాటు సృష్టివాదం లాంటి దాన్ని కూడా చెప్పాలా అని గొడవ జరుగుతుంటే, బాబీ హెండర్సన్ అనే కుర్రాడు ఒక ఉత్తరం రాశాడు. అయితే ఎగిరే స్పఘెట్టీ దేవుడి గురించి కూడా చెప్పండి అని. వెక్కిరింతకి పుట్టిన ఆ మతానికి ఇప్పుడు ప్రపంచమంతా అనుచరులున్నారు. నెత్తిమీద చిల్లుల గిన్నె, అదేనండీ మనం అన్నం వార్చుకునే లాంటిది, బోర్లించుకుని లైసెన్సు ఫొటోలు దిగుతారు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ గిన్నె తర్వాత ఎవరు తోమారో ఆ మతం కూడా చెప్పలేదు.

నా ఉద్దేశం ఏమిటంటే, వంటింట్లోకి రాని మతం నిలవదు. అక్బరుదీ, రోబెస్పియర్‌దీ ఉత్తర్వులతో పుట్టాయి, ఉత్తర్వు ఇచ్చినవాడితో పోయాయి. ఏ ఇల్లాలూ వాటికోసం పొద్దున్నే లేవలేదు, పిల్లలకి ఆ కథ చెప్పి ముద్ద పెట్టలేదు. నిలిచిన వాటి వెనకాల చూడండి, మన చేతులు కనిపిస్తాయి. మన నాగార్జునకొండ దగ్గర, మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసి వైదిక మార్గంలో ఉంటే, ఆయన చెల్లెలు శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యాన్ని కట్టించింది. ఆ వంశపు స్త్రీలు చేసిన దానాలు శాసనాల్లో ఉన్నాయి. అదే బౌద్ధంలో, సన్యాసం తీసుకుని నూరేళ్ళయిన భిక్షుణి అయినా ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్షువుకి లేచి నమస్కరించాలని నియమం. పెట్టుబడి మనది, దండం పెట్టేదీ మనమే.

సంస్కరణ అయినా అంతే. వీరేశలింగం గారు 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారని మనం స్కూల్లోనే చదువుకున్నాం. ఊరు వెలివేస్తే, వంటవాళ్ళు రామంటే, నీళ్ళు తెచ్చేవాళ్ళు రామంటే, గోదావరి నుంచి నీళ్ళు మోసి, పెళ్ళికొచ్చిన వాళ్ళకి వండిపెట్టింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. ఆ బిందెలు మొయ్యకపోతే ఆ పెళ్ళి ఎలా జరిగేదో ఆలోచించండి.

"అదంతా పాతకాలం అమ్మా" అంటుంది మా అమ్మాయి. కాదు. మన కళ్ళముందు ఎన్ని కొత్తవి పుట్టాయో లెక్కేసుకోండి. 1975లో 'జై సంతోషీ మా' అని హిందీ సినిమా వచ్చింది. 'షోలే' వచ్చిన ఏడాదే. చిన్న బడ్జెట్టు సినిమా, అయినా విరగబడి ఆడింది. జనం చెప్పులు బయట విడిచి హాల్లోకి వెళ్ళేవారట. అప్పటిదాకా కొద్దిచోట్లే తెలిసిన అమ్మవారు దేశమంతా ఇంటింటికీ వచ్చేసింది. పదహారు శుక్రవారాలు, బెల్లం, శనగలు, పులుపు తినకూడదు.

ఆ వ్రతం అంత త్వరగా ఎందుకు పాకిందో ఎవరైనా అడిగితే నేను చెబుతాను. ఖర్చు లేదు. పురోహితుడు అక్కర్లేదు. పైగా ఆ కథలో ఉన్నదెవరు? అత్తింటివాళ్ళు కట్టెలకి అడవికి తోలి, ఊక రొట్టె పెట్టి, కొబ్బరిచిప్పలో నీళ్ళు పోసిన కోడలు. అది విన్న ఏ ఆడదానికి తన కథలా అనిపించదు? ఆడవాళ్ళు తమ కోసం ఎంచుకుంటే ఏది ఎంచుకుంటారో ఆ శనగలూ బెల్లమూ చెబుతాయి. పిడికెడు ప్రసాదం, ఒక గంట కూర్చోవడం, మన కష్టం పెద్దగా చదివే ఒక కథ.

తర్వాత వచ్చినవి అలా లేవు. వైభవలక్ష్మి వ్రతం చేసుకుంటే కనీసం ఏడుగురికి పుస్తకాలు పంచాలి. మా చిన్నప్పుడు మా ఊళ్ళో అక్షయ తృతీయకి బంగారం కొనాలని ఎవరికీ తెలీదు, ఇప్పుడు కొనకపోతే అపరాధం చేసినట్టు ఉంటుంది. వరలక్ష్మీ వ్రతానికి ఒకప్పుడు కలశం, పసుపు, తాంబూలం, నానబెట్టిన శనగలు. ఇప్పుడు వెనకాల తెర, అమ్మవారికి చీర కట్టే వీడియోలు, తొమ్మిది రకాల నైవేద్యాలు, రిటర్న్ గిఫ్టులు, అన్నిటికీ ఫొటోలు. ఏ శాస్త్రంలోనూ లేనివి ఫోన్లో వస్తే చాలు, మరుసటి ఏటికి అది ఆచారం అయిపోతుంది. కొత్త మతం ఎవరో వచ్చి పెట్టక్కర్లేదండీ, ఏటా కొంచెం కొంచెం పుడుతూనే ఉంది. పుట్టిన ప్రతి ముక్కా తిన్నగా మన నెత్తి మీదకే వస్తోంది.

ఇప్పుడు మగవాళ్ళ భక్తి సంగతి. మా వారు మూడేళ్ళు వరసగా అయ్యప్ప మాల వేసుకున్నారు. నలభై ఒక్క రోజుల మండల దీక్ష. నల్లబట్టలు, చెప్పులు లేని నడక, చన్నీళ్ళ స్నానం, నేలమీద పడక. ఆయన నిష్ఠగానే చేశారు, కాదనను. కానీ ఆయన చన్నీళ్ళు పోసుకునే ముందే నేను పోసుకోవాలి, నైవేద్యం సిద్ధంగా ఉండాలి కాబట్టి. మధ్యాహ్నం భిక్షకి మడి వంట, సాయంత్రం అల్పాహారం. పిల్లలకి వేరే గిన్నెలు, వేరే స్టవ్వు. పడిపూజ రోజు నలభైమంది స్వాములు. నెలసరి మూడు రోజులూ నేను ఎక్కడుండాలన్నది ఇంట్లో అందరూ చర్చించే విషయం. పదమూడేళ్ళ మా అబ్బాయి ముందు కూడా. నలభై ఒక్క రోజులు లేచింది ఇద్దరం, ఇరుముడి కట్టింది ఒక్కరికే. నన్ను మాత్రం "మాతా" అని పిలిచారు. "మాతా, కాఫీ."

దీక్షలో మంచి లేదని నేననను. మా వీధిలో ఒకావిడ కార్తీకం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంది. ఆ నలభై ఒక్క రోజులూ ఆయన తాగడు, అరవడు, ఆవిణ్ణి 'మాతా' అంటాడు. ఆవిడకి ఏడాదిలో పండగ అంటే అదే. మాల తీసిన రాత్రి మళ్ళీ మామూలే. నాకు ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. నలభై ఒక్క రోజులు చెయ్యగలిగినవాడు నూటనలభై రోజులు చెయ్యలేడా? దేవుడికిచ్చిన మాట నిలబెట్టుకునేవాడికి ఇంట్లో మనిషి ముందు ఆ మాట ఎందుకు గుర్తుండదు?

"ఎవరు చెయ్యమన్నారు, ఇష్టమైతేనే చెయ్యండి" అంటారు ఇది వినగానే. ఈ మాట ఎప్పుడూ చేయించుకునేవాళ్ళే అంటారు, గమనించారా? నేను చెయ్యనంటే మొక్కు చెల్లలేదని పేరు నాకే వస్తుంది. పిల్లాడికి జ్వరం వచ్చినా నేను మడి సరిగ్గా కట్టుకోకపోవడం వల్లే వస్తుంది. చేసినప్పుడు "ఆడవాళ్ళ చాదస్తం", మానేసినప్పుడు "ఇంట్లో ఆచారం లేదు". ఏ పక్కకి తిరిగినా తప్పు మనదే అయ్యేటప్పుడు ఇష్టం అన్న మాటకి అర్థమేముంది?

"భక్తిలో లెక్కలేమిటి" అనేది రెండో మాట. లెక్కల్లేకుండా ఏ మతముంది చెప్పండి? పదహారు శుక్రవారాలు, నలభై ఒక్క రోజులు, నూట ఎనిమిది ప్రదక్షిణలు, మూడొందల అరవై ఐదు వత్తులు. దేవుడి ముందు అన్నీ లెక్కలే. నేను ఎన్నింటికి లేచానో మాత్రం లెక్కపెట్టకూడదు.

యూదుల మతంలో వారానికొక విశ్రాంతి దినం ఉంది. ఆ రోజు నిప్పు రాజెయ్యకూడదు. ఎంత మంచి నియమమో అనుకున్నాను. మరి తిండి? ముందురోజు సూర్యాస్తమయానికి ముందే వండిపెట్టుకోవాలి. ఆ ముందురోజు ఆ ఇల్లాలి హడావిడి మనకి ఒకరు చెప్పాలా? ఆ ఆజ్ఞ బైబిల్లో నిర్గమకాండంలో ఉంది. పని చెయ్యకూడని వాళ్ళ జాబితా కూడా ఉంది. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, దాసుడు, దాసి, పశువులు, ఇంట్లో ఉన్న పరదేశి. భార్య పేరు విడిగా లేదు. 'నువ్వు' అంటే ఆవిడ కూడా అని పండితులు సర్దిచెబుతారు. అలాగే కావచ్చు. పశువుల్ని గుర్తుపెట్టుకుని రాసిన చోట ఆవిడకీ ఒక మాట ఖర్చుపెట్టి ఉండాల్సింది.

ఇంతవరకూ మగవాళ్ళని అన్నాను. ఇక మనవైపు కూడా చూద్దాం. వ్రతం రోజు మన పనమ్మాయి ఎన్నింటికి వస్తుంది? రోజూ ఏడింటికి వచ్చే పిల్ల ఆ రోజు ఐదింటికే వచ్చి వాకిలి కడిగి, సాయంత్రం పేరంటం అయ్యాక మళ్ళీ వచ్చి గిన్నెలు తోముతుంది. ఆ పిల్ల ఇంట్లో వరలక్ష్మి ఎప్పుడు కూర్చోవాలి? మనమిచ్చేది ఒక డబ్బాలో పులిహోర, నాలుగు గారెలు. మా వారి మొక్కు నా మీద పడినట్టే, నా మొక్కు ఆ పిల్ల మీద పడుతోంది. ఇది న్యాయమని నేను వాదించలేను, మీరూ వాదించలేరు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి కొంచెం కష్టంగా ఉంది. మా వీధిలో అందరికీ కలశం పెట్టడం నేర్పింది మా అమ్మ. పూర్ణంబూరెల పాకం చూడాలన్నా, తోరం ముడులు వెయ్యాలన్నా ఆవిడే. నాన్నగారు పోయిన ఏడాది శ్రావణంలో కూడా ఒకరింట్లో బూరెలకి ఆవిణ్ణే పిలిచారు. పొద్దున్నుంచి వంటింట్లోనే ఉంది. సాయంత్రం ముత్తైదువలకి బొట్టు పెట్టే వేళకి, "పిన్నిగారూ, మీరు లోపల కూర్చోండి" అన్నారు. ఎవరో పరాయివాళ్ళు కాదు, ఆవిడ దగ్గర వ్రతం నేర్చుకున్న వాళ్ళే. వంటకి పనికొచ్చిన చెయ్యి వాయనానికి పనికిరాలేదు. ఆ మాట అన్నది ఏ పురోహితుడూ కాదు. మనమే.

అందుకే నా మతం పెడుతున్నాను. దీనికి ఆద్యురాలు నేను కాను. పన్నెండో శతాబ్దంలో బసవన్న కాలంలో, కల్యాణంలో ఆయ్దక్కి లక్కమ్మ అని ఒకావిడ ఉండేది. భర్త మారయ్య నేలమీద రాలిన బియ్యం ఏరుకొచ్చేవాడు, దాంతోనే వాళ్ళిద్దరూ జంగములకి పెట్టేవాళ్ళు. ఒకరోజు ఆయన మామూలుకన్నా ఎక్కువ తెస్తే, "మనకెందుకింత ఆశ, తీసుకెళ్ళి అక్కడే పోసి రా" అందట. ఆ కాలంలో వచనాలు చెప్పిన స్త్రీలు ముప్ఫైమందికి పైనే ఉన్నారు. ఇప్పటికీ వాళ్ళ వచనాలు చదువుకుంటారు. చేటలో బియ్యం చూసి ఎంత సరిపోతుందో చెప్పగలిగిన ఇల్లాలి మాట శాస్త్రమైన చోటు ఒకటుందన్నమాట. మన పాల్కురికి సోమనాథుడు బసవ పురాణాన్ని తెలుగులో రాశాడు కాబట్టి ఆ గాలి మనకీ కొత్తది కాదు.

ఇక నా మతం నియమాలు వినండి. దేవుడెవరన్నది మీ ఇష్టం. ఉన్నా సరే, లేకపోయినా సరే. రాముడు, అల్లా, యేసు, ఎవరున్నా నియమాలు మారవు.

మొక్కినవాళ్ళే మొయ్యాలి. ఇదే మొదటిది, మిగతావన్నీ దీని పిల్లలు. నలభైమందికి భోజనాలు పెడతానని మొక్కుకున్నవాళ్ళు ఉల్లిపాయలు లేకుండా నలభైమందికి వండటం నేర్చుకోవాలి. రాకపోతే మొక్కు తగ్గించుకోవాలి. నలుగురికి పెట్టినా దేవుడు కాదనడు.

మొక్కుకునే ముందు కాగితం మీద మూడు సంగతులు రాయాలి. ఎవరు ఎన్నింటికి లేస్తారు, ఎంత ఖర్చు, ఆ డబ్బు దేన్లోంచి. ఇంట్లో అందరూ సంతకం పెట్టాలి.

ఈ మతంలో అంటు లేదు. ఒంట్లో బాగా లేనప్పుడు విశ్రాంతి ఉంది. అది అడిగి తీసుకునేది, విధించేది కాదు.

వారంలో ఒక పూట పొయ్యి వెలగదు. ముందురోజు వండి దాచడం నిషిద్ధం. అటుకులు, పెరుగు, అరటిపండు ఆ పూట నైవేద్యం. ఆ పూట గిన్నెలు తక్కువ కాబట్టి ఎవరు తిన్నది వాళ్ళే కడుక్కోవాలి.

పండగ సెలవు ముందు పనమ్మాయికి, తర్వాత మనకి. జీతం కొయ్యకూడదు. ఆ రోజు పని తప్పదనుకుంటే ఆ వ్రతం మనింటికి ఎక్కువైందని అర్థం.

కథ ఎవరైనా చదవచ్చు. కూతురు, కోడలు, అల్లుడు, పదేళ్ళ పిల్లాడు, వంతులవారీగా. చదివినవాళ్ళే ఆ రోజు పూజారి, చదివినవాళ్ళే ఆ రోజు దీపం కుందులు తోముతారు.

పేరంటానికి పిలిస్తే ఆడవాళ్ళందర్నీ పిలవాలి. భర్త ఉన్నారా లేరా, పెళ్ళయిందా లేదా, పిల్లలున్నారా లేరా అని చూసి బొట్టుపెట్టే చేతికి నా మతంలో చోటు లేదు. మొదటి వాయనం వంటింట్లో ఉన్న మనిషికి. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చేదాకా మిగతావాళ్ళం కూర్చుని ఉండాలి.

ఇంతే. స్వర్గం గురించి నేనేమీ హామీ ఇవ్వలేదు, గమనించే ఉంటారు. నిద్ర గురించి మాత్రం ఇవ్వగలను.

పేరంటం వల్లే కదా మనకి నలుగురు స్నేహితులు దొరికింది, వ్రతం లేకపోతే మాకు కొత్త చీరెవరు కొంటారు, ఆ గంటసేపు కూర్చోవడం కూడా పోతుంది కదా అంటారు కొందరు. నిజమే. అందుకే పేరంటం తియ్యలేదు, ఆ గంట తియ్యలేదు. ఆ గంట కోసం అంతకు ముందు పన్నెండు గంటలు నిలబడటం ఒక్కటే తీసేశాను. స్నేహం శనగలతో కూడా నిలుస్తుంది. ఇరవయ్యొక్క రకాలు వండితేనే వచ్చే స్నేహితులు మరుసటి ఏడు ఇరవైరెండు వండిన ఇంటికి పోతారు.

గుడి కట్టక్కర్లేదు, చందాలక్కర్లేదు, పేరు కూడా పెట్టలేదు. చేరడానికి చెయ్యాల్సింది ఒక్కటే. ఈసారి ఇంట్లో ఎవరైనా, ఎంత భక్తిగానైనా, "ఈ ఏడు ఇది చేద్దాం" అనగానే, కోపం లేకుండా, గొంతు పెంచకుండా, "మంచిది. ఎవరు చేస్తారు?" అని అడగండి. జవాబు వచ్చేదాకా సెనగపప్పు నానబొయ్యకండి.